3.4 నకిలీ స్నీకర్స్, జిడ్డు చర్మానికి ప్రైమర్: కొనుగోలులో పరిశీలన

వస్తువు అసలైనదేనా? మనకు తగినదేనా? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి స్నీకర్స్‌ను, రెండవదానికి మేకప్ ప్రైమర్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

అ) స్నీకర్స్: పెట్టె మీద, బూటు లోపలి లేబుల్ మీద మోడల్ కోడ్, సైజు ఒకటిగా ఉండాలి. నకిలీదారులు కోడ్‌ను కూడా అనుకరిస్తారు కనుక అదొక్కటే చాలదు. కుట్టు వరుస, అంచుల్లో జిగురు మరకలు, రెండు బూట్ల లోగోల పోలిక చూడాలి. నమ్మశక్యం కాని తగ్గింపు ధర, బిల్లు ఇవ్వడానికి నిరాకరణ ప్రమాద సూచనలు. నకిలీ ట్రేడ్‌మార్కుతో సరుకు అమ్మడం 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం నేరం.

ఆ) ప్రైమర్: తెనాలి వంటి కోస్తా పట్టణాల ఉక్కపోతలో జిడ్డు చర్మం త్వరగా మెరుస్తుంది. నూనె లేని, సిలికా ఉన్న మ్యాట్ రకం అనువైనది. సిలికా జిడ్డును పీల్చుకుంటుంది. డైమెథికోన్ చర్మాన్ని నునుపుగా చూపుతుందే గాని జిడ్డును పీల్చదు. ముందుగా దవడ కింద కొద్దిగా రాసి ఒక రోజు గమనించాలి. దేశీయ తయారీ అయితే తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ప్యాక్ మీద చూడాలి.

ఇ) పరిహారం: మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. అందువల్ల తెనాలి నివాసి ఢిల్లీ విక్రేత వద్ద ఆన్‌లైన్‌లో కొన్నా గుంటూరు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. గడువు 2 సంవత్సరాలు. బిల్లును, ప్యాకింగ్‌ను భద్రపరచాలి, అవే సాక్ష్యం.

మీ ప్రగతిని సరిచూసుకోండి
మోడల్ కోడ్ సరిపోయినంత మాత్రాన బూటు అసలైనదని ఎందుకు చెప్పలేం?