జపాన్ బొమ్మలాట: తిమింగలం స్ప్రింగుతో కనుబొమ్మలు కదిలే చెక్క తలలను త్రీడీ సాంకేతికత కాపాడగలదా?

జపాన్ సంప్రదాయ బొమ్మలాటలో ఓ అందమైన యువతి ముఖం రెప్పపాటులో రాక్షసిగా మారిపోతుంది. నోరు చెవుల దాకా చీలి కోరలు బయటపడతాయి. నుదుటిపై కొమ్ములు లేస్తాయి. 'గబు' అని పిలిచే ఈ తలలో మోటారు లేదు, బ్యాటరీ లేదు. మెడ కింది పిడిలో దాగిన దారాన్ని కళాకారుడి వేలు లాగుతుంది. అంతే.

ఆ దారం లోపల ఏ దారిన వెళ్లి, దేనికి ముడిపడి ఉందో తలను చెక్కిన శిల్పికి తెలుసు. తల అతికించి రంగు పూసిన తర్వాత మరొకరికి అది కనిపించదు. శిల్పి తన పనిని శిష్యుడికి నేర్పకుండానే కన్నుమూస్తే, ఆ తలను పగలగొడితే తప్ప దాని రహస్యం తెలిసేది కాదు. ఇప్పుడు సీటీ స్కాన్, త్రీడీ ప్రింటింగ్ వంటి డిజిటల్ పద్ధతులు ఆ పరిస్థితిని మారుస్తున్నాయి.

ఒక బొమ్మ, ముగ్గురు కళాకారులు

'బున్రాకు'గా ప్రసిద్ధి చెందిన ఈ కళ అసలు పేరు నిన్‌గ్యో జోరురి. తకెమొతో గిదాయు అనే గాయకుడు 1684లో ఒసాకాలో నెలకొల్పిన నాటకశాలతో దీనికి ఊపు వచ్చింది. ఒక్కో ప్రధాన పాత్రను ముగ్గురు ఆడించే పద్ధతి 1734లో మొదలైంది. ఒకరు తలను, కుడిచేతిని, మరొకరు ఎడమచేతిని, మూడో వ్యక్తి పాదాలను కదిలిస్తారు. యునెస్కో 2008లో దీనిని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

తెలుగువారి తోలుబొమ్మలాటలో కళాకారులు తెర వెనుక ఉంటారు. బున్రాకులో వారు ప్రేక్షకుల ఎదుటే నిలబడతారు. అయినా కాసేపటికి చూపరుల కళ్లు బొమ్మ ముఖం మీదే నిలుస్తాయి. అందుకే 'కషిరా' అనే ఆ తల తయారీకి అంత ప్రాధాన్యం.

తల లోపల ఏముంటుంది?

ముందుగా హినోకి అనే సైప్రస్ జాతి చెక్కను ముఖాకృతిలో చెక్కుతారు. తర్వాత చెవుల దగ్గర నిలువుగా రెండుగా చీల్చి, లోపలి భాగాన్ని తొలిచేస్తారు. తల తేలిక కావడానికి, కళ్లు, కనుబొమ్మలు, నోరు కదిలించే దారాలు, స్ప్రింగులు అమర్చడానికి ఇదే మార్గం. అమరిక పూర్తయ్యాక రెండు భాగాలనూ అతికిస్తారు. ఆల్చిప్పల పొడిని జంతువుల జిగురుతో కలిపి చేసే 'గోఫున్' అనే తెల్లని పూతను పొరలు పొరలుగా వేస్తారు.

లాగిన దారాన్ని వదలగానే కన్ను మళ్లీ యథాస్థానానికి రావాలి. ఆ పని చేసే స్ప్రింగును రైట్ వేల్ అనే తిమింగలం నోటిలో ఉండే బలీన్ పలకలతో తయారుచేస్తారు. గోరు వంటి ఆ పదార్థం మెత్తగా వంగుతుంది, మళ్లీ నిటారుగా లేస్తుంది. కానీ ఉత్తర పసిఫిక్ రైట్ వేల్ నేడు ప్రపంచంలోని అత్యంత అరుదైన తిమింగలాల్లో ఒకటి. దాన్ని వేటాడటం నిషిద్ధం. శిల్పుల దగ్గర మిగిలిన పాత నిల్వలే ఆధారం.

యుద్ధం మిగిల్చిన పాఠం

1945 మార్చిలో ఒసాకాపై జరిగిన వైమానిక దాడిలో అక్కడి బున్రాకు నాటకశాల కాలిపోయింది. దానితోపాటు ఎన్నో పాత తలలు బూడిదయ్యాయి. యుద్ధానంతరం తొకుషిమా ప్రాంతంలోని నరుతోకు చెందిన ఒయె మినొసుకె అనే శిల్పి కొత్త తలలు చెక్కి ఆ లోటును పూడ్చారు. ఒక చేతి నైపుణ్యంపై ఒక కళారూపం ఎంతగా ఆధారపడిందో ఈ ఉదంతం చెబుతుంది. నాడు కాలిపోయిన తలల కొలతలు డిజిటల్ రూపంలో భద్రపరిచే వీలు లేదు. నేడు ఉంది.

పగలగొట్టకుండా చూడటం

తల చుట్టూ వందలాది ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో వాటిని కలిపి త్రీడీ నమూనా రూపొందించడం ఒక పద్ధతి. అయితే కెమెరాకు పైపూత మాత్రమే కనిపిస్తుంది. బొమ్మ తలలకు పదే పదే రంగు వేస్తుంటారు కాబట్టి, శిల్పి ఉలి విడిచిన అసలు అంచులు ఆ పూత కింద మరుగున పడతాయి.

సీటీ స్కాన్ ఇక్కడే ఉపయోగపడుతుంది. కాల్షియం నిండిన గోఫున్ పూత ఎక్స్‌రేలను చెక్క కన్నా ఎక్కువగా అడ్డుకుంటుంది. దాంతో పూత ఎక్కడ ముగిసిందో, చెక్క ఎక్కడ మొదలైందో స్పష్టమవుతుంది. తొలిచిన గోడ మందం, ఇరుసులు, దారం వెళ్లే రంధ్రాలు కూడా కనిపిస్తాయి. జపాన్‌లో సాంస్కృతిక సంపద పరిశీలనకు ఈ పద్ధతి కొత్త కాదు. నారాలోని కోఫుకుజి ఆలయానికి చెందిన 8వ శతాబ్దపు 'అషురా' విగ్రహాన్ని క్యూషు జాతీయ మ్యూజియం 2009లో ఇలాగే స్కాన్ చేసింది. సంస్కృతంలోని 'అసుర' పదమే అక్కడ 'అషురా' అయింది.

ప్రింటర్ ఎక్కడ పనికొస్తుంది?

స్కాన్ చేసిన తలను త్రీడీ ప్రింటర్‌తో పారదర్శకమైన రెజిన్‌లో తయారుచేస్తే, దారం లాగినప్పుడు కన్ను ఎలా తిరుగుతుందో శిష్యుడు నేరుగా చూడవచ్చు. కొత్తగా చేరిన కళాకారులు విలువైన పాత తల జోలికి పోకుండా నకలుతో సాధన చేయవచ్చు. స్ప్రింగు కోసం వేర్వేరు మందాల్లో ప్లాస్టిక్ ముక్కలను కోసి, బలీన్‌కు దగ్గరగా ఏది వంగుతుందో పరీక్షించవచ్చు.

నకలును వాడుకలో ఉంచి అసలును కాపాడుకోవడానికి జపాన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. గుడులలో విగ్రహాల దొంగతనాలు పెరగడంతో వకయామా ప్రాంతీయ మ్యూజియం, స్థానిక పారిశ్రామిక ఉన్నత పాఠశాల విద్యార్థులు కలిసి త్రీడీ ప్రింటర్‌తో నకలు విగ్రహాలను తయారుచేశారు. అవి గుడిలో పూజలందుకుంటుంటే, అసలు విగ్రహాలు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

యంత్రానికి అందనిది

అయితే బొమ్మ తల విషయంలో ఒక ఇబ్బంది ఉంది. చెక్క తేమను బట్టి కొద్దిగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ప్లాస్టిక్ అలా కాదు. బరువులో స్వల్ప తేడా వచ్చినా తలను ఎడమచేత్తో మోసే కళాకారుడి మణికట్టుకు తెలిసిపోతుంది. ఏ చెక్క దుంగలో ఏ ముఖం దాగి ఉందో, నారను బట్టి ఉలిని ఎటు నడపాలో స్కాన్‌లో నమోదు కాదు.

అంతకన్నా పెద్ద ప్రశ్న జీవనోపాధిది. నకళ్లు చౌకగా దొరుకుతున్నాయని నాటక బృందాలు కొత్త తలలు చేయించడం మానేస్తే, శిల్పికి పని ఉండదు. పని లేని చోట శిష్యుడూ చేరడు. అప్పుడు ఫైళ్లు మిగులుతాయి, విద్య అంతరిస్తుంది.

అందుకే డిజిటల్ నకలు స్థానం సాధన గదిలో, తరగతిలో, మరమ్మతు బల్లపైన. వేదికపైకి వెళ్లే తలను మాత్రం శిల్పే చెక్కాలి. స్కాన్ ఆ శిల్పికి తన పూర్వికుడి చేతిపనిని లోపలి నుంచి చూపించగలదు. దాన్ని చూసి నేర్చుకుని ఉలి పట్టే మనిషి ఉన్నంతవరకే దానికి విలువ.