ట్రక్కు కదిలాక రబ్బీసు ఎక్కడికి పోతుంది?



యిల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత యిల్లు విప్పి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ముచ్చట నాకు అత్తిలిలో తీరింది.

అక్కడ మా పుట్టింటివారి పెంకుటిల్లు ఒక వేసవిలో విప్పించవలసి వచ్చింది. అన్నయ్య వూళ్ళో లేడు, పని నా నెత్తిన పడింది. దూలాలూ, తలుపులూ, పెంకులూ కొనుక్కునేవాళ్ళు పట్టుకుపోయారు. మిగిలింది రబ్బీసు. ట్రాక్టరతన్ని పిలిచి, "ట్రక్కుకి ఎంత? ఎన్నాళ్ళకి ఖాళీ చేస్తావు?" అని అడిగాను. ఎక్కడ పోస్తావని అడగాలన్న వూహే రాలేదు. అతనే, "మీకెందుకండీ, ఎక్కడోచోట పోసేత్తాను" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

జూన్‌లో కాలవలు వదిలారు. నారుమళ్ళ రోజులు. ఒక పెద్దాయన, రైతు, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అమ్మాయిగారూ, మీ గోడలు మా బోదెలో వున్నాయమ్మా. చేలోకి నీరెక్కటం లేదు. మీ వంటింటి నీలం సున్నం చూసి ఆనవాలు పట్టాను" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే నాకు మరీ సిగ్గేసింది. కూలీలను పెట్టి ఆ ముక్కలన్నీ పైకి తీయించేసరికి తోలించినదానికి రెట్టింపు ఖర్చయింది. యీలోపు ఆయన నారు నాలుగు రోజులు వెనకబడింది.

యిది మా వూరి సంగతేగా, పట్నంలో మాకేం అంటారా? కాస్త ఆలోచించండి. గోదావరి డెల్టాలో ఏటా వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. ఎండిన కాలవ, బోదె, మురుగుడ్రెయిను చూసేవాళ్ళకి వూరికే పడివున్న గొయ్యిలా కనిపిస్తాయి. మనం యిళ్ళు బాగుచేయించుకునేదీ వేసవిలోనే. ఆ తరవాత అదే కాలవ నీరు చెరువుల్లో నింపి, శుద్ధిచేసి, కుళాయిల్లో మనకిస్తారు. ఏలూరు వైపు వాగులూ డ్రెయిన్లూ కొల్లేట్లో కలుస్తాయి. కొల్లేటి నీరు సముద్రానికి పోవటానికి వున్న దారి ఉప్పుటేరు ఒక్కటే. దారి పూడితే వానాకాలంలో మునిగేది చేలే కాదు, వీధులు కూడాను. డ్రెయిన్లలో, చెరువుల్లో చెత్త వేయకూడదని 2016 నాటి నియమాల్లోనే స్పష్టంగా చెప్పారు.

ఇంగ్లండులో యిలాంటి పనికి "స్కిప్" అనే పెద్ద యినప తొట్టిని అద్దెకు తెచ్చుకుంటారు. లారీ వచ్చి యింటి ముందు దింపిపోతుంది; నిండాక తిరిగి ఎత్తుకుపోతుంది. మన కార్పొరేషన్లలో డంపర్ ప్లేసరు లారీ ఎత్తుకుపోయే తొట్టిలాంటిదే అనుకోండి. రోడ్డుమీద పెట్టాలంటే పురపాలకుల అనుమతి కావాలి. అంచు దాటి నింపకూడదు. బ్యాటరీలు, గ్యాసు సిలిండర్లు, ఆస్‌బెస్టాస్ రేకులు అందులో వెయ్యనివ్వరు. మనకు ఆ తొట్టి లేకపోవచ్చు, ట్రాక్టరు ట్రక్కు వుంది. ఆ కట్టుబాట్లు మాత్రం మనమే పెట్టుకోవాలి.

ముందు ఎన్ని ట్రక్కులో లెక్క వేసుకోండి. లెక్క తెలిస్తే బేరం మన చేతిలో వుంటుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళాల మందం వున్న గోడ 75 ఘనపుటడుగులు. పగలగొడితే ముక్కల మధ్య సందులు పెరిగి యించుమించు ఒకటిన్నర రెట్లు, అంటే 110 దాకా అవుతుంది. ట్రక్కులో పట్టేది సుమారు 100 అడుగులు. కనక గోడకొక ట్రక్కు అనుకోండి. యింటికి నాలుగు గోడలేనా? అడ్డుగోడలు కూడా మరిచిపోకండి!

తరవాత వేరుచేయటం. మనది పల్లపు ప్రాంతం. స్థలాలు మెరక చేసుకోవటానికి డబ్బిచ్చి మట్టి కొనుక్కునేవాళ్ళు ఎందరో వున్నారు. గాజు, ప్లాస్టిక్కు, వైర్లు, మేకులు లేని శుభ్రమైన యిటుక ముక్కలంటే వాళ్ళకు అవసరమే. అదే ముక్కల్లో పగిలిన సీసా ఒక్కటి కలిస్తే, రేపు అక్కడ ఆడుకునే పిల్లవాడి పాదం తెగుతుంది. అందుకని యినుము పాత సామాన్ల కొట్టుకి, గాజు వేరే గోనెసంచిలోకి పంపండి. ట్యూబులైట్లలో పాదరసం, పాత బ్యాటరీల్లో సీసం వుంటాయి. వాటినీ, రంగు డబ్బాలనూ, కాలం చెల్లిన మందులనూ రబ్బీసులో కలపనే కలపకండి. ప్రమాదకరమైన చెత్తగా విడిగా యివ్వాలి.

వంటింటి మీద, పశువులపాక మీద సిమెంటు రేకులుంటే మరీ జాగ్రత్త. పాతవాటిలో ఆస్‌బెస్టాస్ వుంటుంది. పగిలితే లేచే సన్నటి పీచు కంటికి కనపడదు. ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తరవాత జబ్బు చేస్తుంది, క్యాన్సరు కూడా రావచ్చు. పైనుంచి విసరనివ్వకండి. నీళ్ళతో తడిపి, మేకులు వూడదీసి, రేకు రేకుగా దింపించండి. పిల్లల్ని దూరంగా వుంచండి. ఆ రేకుల్ని మందపాటి ప్లాస్టిక్కు గుడ్డలో చుట్టించి, రబ్బీసుతో కలవకుండా విడిగా పెట్టించండి.

యిక అసలు సంగతి. పని మొదలుపెట్టకముందే, పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శినీ, పట్నంలో అయితే మునిసిపల్ ఆఫీసులో శానిటరీ ఇన్‌స్పెక్టరునూ కలిసి, రబ్బీసు ఎక్కడ పొయ్యవచ్చు, ఆ రేకులూ బ్యాటరీలూ ఎక్కడ యివ్వాలి అని అడగండి. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో రబ్బీసును పిండిచేసి తిరిగి వాడుకునే కేంద్రాలున్నాయి. అలాంటివి దగ్గరలో లేనిచోట మెరక కావలసినవాళ్ళెవరో ముందే కనుక్కుని, వాళ్ళను ఒప్పించుకోండి. చోటు ఖాయమయ్యాకే ట్రాక్టరతనితో బేరం. మొదటి ట్రక్కు వెనకాల మీరో, యింట్లోవాళ్ళెవరో వెళ్ళి పోసినచోటు చూసి రండి. అది చూశాకే డబ్బివ్వండి. దూరం ఎక్కువైతే నాలుగు డబ్బులు ఎక్కువే అడుగుతాడు, యిచ్చెయ్యండి. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. చవగ్గా అయిపోవాలని మనం తొందరపెడితే, అతను దగ్గరున్న బోదె చూసుకుంటాడు.

నిరుడు మా ప్రహరీ గోడ కొంత విప్పించాము. యీసారి మొదట ఆ పెద్దాయన యింటికే వెళ్ళి, "బాబాయిగారూ, మీ పశువులపాక దగ్గర మెరకకు ముక్కలేమైనా కావాలా?" అని అడిగాను. ఆయన నవ్వి, "నీలం సున్నవేనా అమ్మా?" అన్నారు. రెండు ట్రక్కులూ అక్కడే పోయించుకున్నారు.