ఈ-బుక్‌కి ఏ తెర? ముందు ఫైల్‌ చూడండి

గ్రూప్స్‌, గేట్‌, బ్యాంక్‌... దేనికి సిద్ధమవుతున్నా మెటీరియల్‌ చాలావరకు ఫైళ్లుగానే చేతికొస్తోంది. మరి ఫోన్‌ చాలా, ట్యాబ్‌ కొనాలా, కిండిల్‌ లాంటి ఈ-రీడరా? ధరలు వెతికే ముందు మీ ఫైల్‌ ఏ రకమో చూడండి.

ఈపబ్‌ అయితే: అక్షరాలు పెంచితే వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. ఇంగ్లిష్‌ మెరుగుపడేందుకు చదివే నవలలు, జీవిత చరిత్రలకు ఈ-రీడరే హాయి. ఈ-ఇంక్‌ తెరకు ప్రధానంగా పేజీ మారినప్పుడే కరెంటు కావాలి. అందుకే ఛార్జింగ్‌ వారాలపాటు వస్తుంది. వాట్సాప్‌ గోలా ఉండదు.

పీడీఎఫ్‌ అయితే: ఇక్కడే చాలామంది పొరపడతారు. పేజీ ఉన్నదున్నట్టే కుదించుకుపోతుంది. ఏ4 కాగితం వెడల్పు 21 సెం.మీ. 6 అంగుళాల ఈ-రీడర్‌ది సుమారు 9, ఫోన్‌ది 7. అంటే 12 పాయింట్ల అక్షరం ఈ-రీడర్‌లో 5, ఫోన్‌లో 4 పాయింట్లే. తెలుగు ఒత్తులు కలిసిపోయేంత చిన్నది! 11 అంగుళాల ట్యాబ్‌లో 8-9 ఉంటుంది. పటాలు, పట్టికలు, లెక్కలు ఎక్కువుంటే ట్యాబే నయం.

ఖర్చు లేని దారి: ఫోన్‌ను అడ్డంగా తిప్పండి. వెడల్పు 15 సెం.మీ. వస్తుంది. అక్షరం దాదాపు ట్యాబ్‌లో ఉన్నంత కనిపిస్తుంది. కాకపోతే ఒకసారికి పేజీలో మూడో వంతే.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పీడీఎఫ్‌లు ఉచితమే. ఒకటి దించుకుని ఇలా గంట చదివి చూడండి. ఇబ్బంది లేదంటే ఆ డబ్బు పరీక్ష ఫీజులకు, మాక్‌ టెస్టులకు దాచుకోండి.