ఒక్క లైను కోడ్ వెనక పదిహేనేళ్లు

2020 ఏప్రిల్ 4న చైనాలో కోవిడ్ మృతుల కోసం జాతీయ సంతాప దినం పాటించారు. ఆ రోజు అక్కడి పెద్ద పెద్ద వెబ్‌సైట్లు రంగులు విడిచి బూడిద రంగులో కనిపించాయి. ఇలా మార్చడానికి ఫొటోలన్నీ మళ్లీ తయారు చెయ్యనక్కర్లేదు. పేజీ మొత్తానికి గ్రేస్కేల్ ఫిల్టర్ వెయ్యమని ఒక్క లైను కోడ్ రాస్తే చాలు. మర్నాడు ఆ లైను తీసేస్తే రంగులన్నీ మామూలే. ఫిల్టర్ మార్చేది తెర మీది బొమ్మనే, సర్వర్‌లోని ఫొటో జోలికి పోదు. దాని బలమంతా ఇందులోనే ఉంది, చిక్కులూ ఇందులోంచే వచ్చాయి.

వెబ్ పేజీకి ఫిల్టర్లు వెయ్యడాన్ని జనానికి అలవాటు చేసింది మైక్రోసాఫ్ట్. 1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4లో బొమ్మను నలుపు తెలుపు చేసేవి, ఎక్స్‌రేలా చూపేవి, అలలా వంచేవి, అక్షరాల చుట్టూ వెలుగు పరిచేవి ఉండేవి. అయితే అవి ఆ కంపెనీ సొంతం. అదే పేజీని పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్‌లో తెరిస్తే ఫిల్టర్ జాడే కనిపించేది కాదు. చివరికి 2012లో ఎక్స్‌ప్లోరర్ 10 నుంచి మైక్రోసాఫ్టే వాటిని తీసేసింది.

అన్ని బ్రౌజర్లకూ పనికొచ్చే ఫిల్టర్లు వేరే దారిలో వచ్చాయి. గీతలతో గీసే బొమ్మల కోసం 2001లో వెలువడిన ఎస్‌వీజీ ప్రమాణంలో వాటికి పక్కా లెక్కలు రాసిపెట్టారు. గ్రేస్కేల్‌నే చూడండి. ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు ఉంటాయి. మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే సరిపోదు, మన కంటికి ఆకుపచ్చ అన్నిటికన్నా ప్రకాశంగా, నీలం అన్నిటికన్నా మసకగా కనిపిస్తుంది. అందుకని ఎరుపును 0.2126తో, ఆకుపచ్చను 0.7152తో, నీలాన్ని 0.0722తో గుణించి కలుపుతారు. 255 పాళ్ల అచ్చమైన ఆకుపచ్చ 182 దగ్గర లేత బూడిదగా తేలుతుంది. అంతే పాళ్ల నీలం 18కి దిగి దాదాపు నలుపైపోతుంది.

బ్లర్ లెక్క ఇంకా అందమైనది. ఒక్కో పిక్సెల్‌కు దాని చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు కట్టాలి. దగ్గరివాటికి ఎక్కువ విలువ, దూరం వెళ్లేకొద్దీ తక్కువ. ఆ తగ్గుదల గణిత శాస్త్రవేత్త గాస్ పేరుతో పిలిచే గంట ఆకారపు వక్రరేఖ ప్రకారం ఉంటుంది. ఇది నేరుగా చెయ్యాలంటే కంప్యూటర్‌కు చాలా పని. ఎస్‌వీజీ ప్రమాణమే దీనికి ఒక ఉపాయం చెప్పింది: ఎక్కువ తక్కువలు చూడకుండా మామూలు సగటే కట్టండి, కానీ మూడుసార్లు కట్టండి. ఫలితం అసలు వక్రరేఖకు 3 శాతం తేడాలోకి వచ్చేస్తుంది. మామూలు సగటుకు ఇంకో సుఖం ఉంది. ఒక పిక్సెల్ పక్కకు జరిగినప్పుడల్లా కొత్తగా వచ్చినదాన్ని కలిపి, వెనక జారినదాన్ని తీసేస్తే మొత్తం సిద్ధం. మసక ఎంత పెంచినా ఒక్కో పిక్సెల్ మీద పని పెరగదు. ఇలాంటి పొదుపు ఉండబట్టే మామూలు కంప్యూటర్లు కూడా ఈ భారం మొయ్యగలిగాయి.

2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 ఈ ఎస్‌వీజీ ఫిల్టర్లను మామూలు పేజీ భాగాలకూ తగిలించనిచ్చింది. కానీ వాటిని రాయడం డిజైనర్లకు తలనొప్పి. 2012లో క్రోమ్, సఫారీ వాటికి పొట్టి పేర్లు తెచ్చాయి. బ్లర్, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, సెపియా లాంటివి ఇప్పుడు మొత్తం పది. 2015 జనవరిలో ఫైర్‌ఫాక్స్ కూడా చేరింది. వీటిని ఒకదాని వెంట ఒకటి పేర్చవచ్చు, కానీ వరస చూసుకోవాలి. ముందు సెపియా, తర్వాత గ్రేస్కేల్ వేస్తే మిగిలేది బూడిద రంగే. తిరగేసి వేస్తే పాత ఫొటో గోధుమ ఛాయ వస్తుంది.

ఇక చిక్కులు. కొన్ని సైట్లు చందా కట్టనివాళ్లకు కనపడకూడని వ్యాసం మీద బ్లర్ వేసి ఊరుకుంటాయి. అక్షరాలన్నీ పేజీలోనే ఉంటాయి కాబట్టి ఆ లైను తీసేసి ఎవరైనా చదువుకోవచ్చు. చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ మాటల్ని స్పష్టంగానే చదువుతుంది. పాఠకుడికి అందకూడని మాటను అసలు పంపకపోవడమే పద్ధతని నా అభిప్రాయం.

అంతకన్నా లోతైన చిక్కును 2013లో పాల్ స్టోన్ అనే భద్రతా పరిశోధకుడు చూపించాడు. ఒక పేజీ తనలో వేరే సైటును పొదిగి చూపించవచ్చు గానీ, అందులో ఏముందో చదవలేదు. బ్రౌజర్ ఒప్పుకోదు. అయితే దాని మీద ఫిల్టర్ మాత్రం వెయ్యవచ్చు. కొన్ని ఫిల్టర్లు ఒకే రంగున్న చోట త్వరగా ముగిసి, రంగులు మారే చోట ఆలస్యమయ్యేవి. ఆ సమయాన్ని కొలుస్తూ పోతే చూడకూడని పిక్సెళ్లను ఒక్కొక్కటిగా ఊహించవచ్చని తేలింది. దాంతో రంగులు ఏవైనా ఒకే సమయం పట్టేలా బ్రౌజర్లు తమ కోడ్‌ను దిద్దుకోవాల్సి వచ్చింది.

పదేళ్ల తర్వాత, 2023లో, అదే దారి మళ్లీ తెరుచుకుంది. జీపీయూ డాట్ జిప్ అని పేరు పెట్టిన దాడిలో తప్పు ఫిల్టర్ కోడ్‌ది కాదు. గ్రాఫిక్స్ చిప్పులు పని తేలిక చేసుకోవడానికి బొమ్మల డేటాను లోలోపలే కుదిస్తాయి, ఎంత కుదించాయన్నది బొమ్మను బట్టి మారుతుంది, దాంతో పట్టే సమయమూ మారుతుంది. ఆ తేడాతోనే పరిశోధకులు వేరే పేజీలో పొదిగిన వికీపీడియాలో లాగిన్ అయినవారి పేరును క్రోమ్‌లో రాబట్టారు. తమను ఇతర పేజీల్లో పొదగనివ్వని సైట్ల మీద మాత్రం ఈ దాడి పనిచెయ్యదు.