తరుగూ మజూరీ కళ్లారా చూడండి!

నగల కొట్టు రసీదులో బంగారం ధర కింద రెండు మాటలుంటాయి: తరుగు, మజూరీ. బేరమంతా ఆ రెంటి మీదే సాగుతుంది. పనివాళ్ల పక్కన కాసేపు నిలబడితే మాత్రం వాటి అసలు అర్థం తెలిసొస్తుంది. అలా చూడనిచ్చే చోట్ల గురించి, అక్కడ కనిపించే పనితనం గురించి కొన్ని విశేషాలివి.

చల్లారేలోగా రాయి దిగాలి

హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో గాజులు కొనకపోయినా, చేయడం చూడవచ్చు. కుంపటి వేడికి మెత్తబడిన లక్కను సాగదీసి, చుట్టి, గాజుగా అతుకుతారు. ఆపైన రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతారు. లక్క చల్లారితే రాయి దిగదు, వేడి ఎక్కువైతే గాజు వంకరపోతుంది. ఆ కాస్త వ్యవధిలోనే వేళ్లు పని ముగించాలి. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అన్నట్టు, లక్క చెట్టు జిగురు కాదు. కొమ్మలను పట్టుకుని బతికే చిన్న పురుగులు స్రవించేది.

కమ్మచ్చు మహిమ

వెండితీగలతో పూలు, నెమళ్లు, పళ్లేలు అల్లే కరీంనగర్ ఫిలిగ్రీకి ఈ గుర్తింపు 2007లోనే వచ్చింది. ఆ పనికి మూలం కమ్మచ్చు. అది వరుసగా చిన్నవయ్యే బెజ్జాలున్న ఉక్కు పలక. ఒక్కో బెజ్జంలోంచి లాగేకొద్దీ తీగ సన్నబడుతుంది. బంగారం మరీ సాగే గుణం కలది. ఒక్క గ్రాము బంగారాన్ని రెండు కిలోమీటర్లకు పైగా తీగ తీయవచ్చు.

వసారాలో కుంపటి

వెనకటి రోజుల్లో పెళ్లి నగలకు స్వర్ణకారుణ్ణి ఇంటికే పిలిపించి, కళ్లెదుట చేయించుకునేవారు. ఊదుగొట్టం, పట్టకారు, వెలిగారం చూస్తూ పిల్లలు అక్కడే కూర్చునేవారు. వెలిగారం ఎందుకంటే, కాలిన లోహం మీద పట్టే మలినాన్ని కరిగించి, టంకం అతుకులోకి పారేలా చేస్తుంది. ఆకురాయి కింద రాలిన రజను కూడా పారేయరు. బంగారం పని జరిగే వీధుల్లో చెత్త ఊడ్చి, కడిగి, రేణువులు ఏరుకుని బతికినవాళ్లూ ఉన్నారు.

ఒకే మాట, రెండు కొలతలు

బంగారంలో కేరట్ అంటే స్వచ్ఛత. 24 పాళ్లలో 22 పాళ్లు బంగారమైతే 22 కేరట్లు, అంటే నూటికి 91.6 వంతులు. కొట్లలో వినిపించే ‘916’ అదే. రత్నాల్లో కేరట్ అంటే బరువు, 200 మిల్లీగ్రాములు. ఈ మాట పుట్టింది కరోబ్ అనే చెట్టు గింజ పేరు నుంచి. మనవాళ్లు గురివింద గింజతో తూచినట్టే అక్కడివాళ్లు దానితో తూచేవారు.

బడిలో మొదలైన రత్నాల సంత

అమెరికాలోని టూసాన్‌లో ఏటా జరిగే రత్నాలు, ఖనిజాల ప్రదర్శనకు దేశదేశాల వర్తకులొస్తారు. అది 1955లో ఒక ప్రాథమిక పాఠశాలలో, ప్రవేశ రుసుము లేకుండా మొదలైంది. ఆ దేశంలో రాళ్లంటే ప్రాణమిచ్చేవాళ్ల సంఘాలు ఊరూరా ఉన్నాయి. తమ ప్రదర్శనల్లో సభ్యులే బల్ల వేసుకుని సానపట్టి చూపిస్తారు. రాయిని చిన్న పుల్ల చివర లక్కలాంటి మైనంతో అతికించి చక్రానికి ఆనిస్తారు. చక్రం మీద నీళ్లు ఆగకుండా పడుతుంటాయి. నీళ్లు రాయిని చల్లబరచడమే కాదు, మనిషి ఊపిరితిత్తులనూ కాపాడతాయి.

కొమ్ము సుత్తి

గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాయిని నేలలో పాతిన ఇనుప మేకుకు ఆనించి, గేదె కొమ్ముతో చేసిన సుత్తితో తట్టి పూస ఆకారం తెస్తారు. నిప్పుల వేడిలో ఉంచితే రాయిలోని ఇనుము మారి అది ఎర్రబడుతుంది. సింధు నాగరికత కాలపు పూసల వెనుకా ఇలాంటి పనితనమే ఉంది. కానీ పొడి చక్రం మీద అరగదీసినప్పుడు లేచే ధూళి అక్కడ ఎందరికో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చింది. ఆ ఎర్రపూస మెడలో వేసుకునేవాళ్లు ఇది తెలుసుకుని తీరాలి.

బోర్లా పడుకుని సాన

జర్మనీలోని ఈడార్-ఓబర్‌స్టైన్‌లో పూర్వం ఏటి నీటితో తిరిగే పెద్ద ఇసుకరాతి చక్రాల ముందు, చెక్కబల్ల మీద బోర్లా పడుకుని రాయిని అదిమి పట్టేవారు. ఒంటి బరువంతా రాయి మీద పెట్టే ఉపాయమది. ఒక పాత సానమిల్లును ఇప్పటికీ కాపాడుకుని, సందర్శకులకు చూపిస్తున్నారు.

కోహినూరుకు పోయిన తరుగు

గోల్కొండ గనులదిగా పేరొందిన కోహినూరును 1851లో లండన్ మహాప్రదర్శనలో పెట్టారు. ఎగబడి చూసినవాళ్లు తళుకు లేదని పెదవి విరిచారు. మరుసటి ఏడు ఆవిరి యంత్రంతో తిరిగే చక్రం మీద మళ్లీ సానపట్టించారు. మొదటి ముఖాన్ని లాంఛనంగా డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ పట్టగా, మిగతా పనంతా డచ్చి నిపుణులు 38 రోజుల్లో ముగించారు. వజ్రాన్ని వజ్రపు పొడే కోయగలదు. సుమారు 191 కేరట్ల రాయి చివరికి 105.6 కేరట్లకు దిగింది. సుమారు పదిహేడు గ్రాముల వజ్రం పొడైపోయింది. ఆ తరుగు పోయాకే రాయికి మెరుపొచ్చింది.