పేరడీ ప్రొఫైలు

పేరడీ ప్రొఫైలు అనగా ఒక ప్రసిద్ధ వ్యక్తి డేటింగ్ సైటులో తనను తాను పరిచయం చేసుకొన్నట్లుగా, ఆ వ్యక్తి మాటతీరును అనుకరిస్తూ వేరొకరు వ్రాసే హాస్య రచన. టెలివిజన్‌లో గొంతు పెంచి వాదించే క్రీడా వ్యాఖ్యాతలు ఇందుకు అనువైన పాత్రలు.

స్వరూపం

ఇటువంటి పరిచయానికి వినయం, ఎదుటివారిపై ఆసక్తి అవసరం. ఆ చోట అన్నిటికీ తీర్పు చెప్పే స్వరం వినిపించడమే ఇందలి హాస్యం. అభిరుచులు, కోరుకొనే తోడు వంటి వివరాలన్నీ మ్యాచ్ విశ్లేషణలుగా మారిపోతాయి. అమెరికాలో 2012-2016 మధ్య ఈఎస్‌పీఎన్ వారి "ఫస్ట్ టేక్" కార్యక్రమంలో స్టీఫెన్ ఎ. స్మిత్, స్కిప్ బేలెస్ సాగించిన వాదనలు ఇట్టి వాగ్ధోరణికి ఉదాహరణ. స్మిత్‌ను "శాటర్డే నైట్ లైవ్"లో నటుడు జే ఫరో అనుకరించాడు.

తెలుగులో పేరడీ

తెలుగులో వ్యక్తుల శైలిని అనుకరించే పేరడీకి జరుక్ శాస్త్రి (1914-1968), శ్రీరమణ (1952-2023) ప్రసిద్ధులు. వారు ఎంచుకొన్నది రచయితల శైలిని. మూల వ్యక్తి ధోరణి పాఠకునికి ముందే పరిచయమై ఉంటేనే పేరడీ రక్తి కట్టును. పేరడీ ప్రొఫైలుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పేరడీ, మోసం

ఎవరూ నిజమని నమ్మజాలని పరిహాసానికి అమెరికా సుప్రీంకోర్టు 1988లో హస్లర్ పత్రిక, ఫాల్వెల్ వ్యాజ్యంలో రక్షణ కల్పించింది. అయితే పరిహాసమని తెలుపకుండా నిజమైన డేటింగ్ సైటులో ఇతరుల పేరిట ఖాతా తెరచినచో అది పేరడీ కాదు. అచట నష్టపోయేది ఆ ప్రసిద్ధ వ్యక్తి మాత్రమే కాదు, నమ్మి జవాబు వ్రాసిన అపరిచితులు కూడా. భారతదేశంలో కంప్యూటరు ద్వారా మరొకరిగా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను ప్రకారం నేరం. ఇందుకు 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 1 లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.