మందు ఎవరి కోసం?

రాత్రివేళ అల్లాడుతున్న రోగికి నర్సు మత్తుమందు ఇచ్చింది. ఎవరి బాధ తగ్గడానికి? లండన్ రిచ్‌మండ్‌లోని కాసెల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు టామ్ మెయిన్ నర్సులతో కూర్చుని ఈ సంగతి తరచి చూశారు. మొదట అందరూ వైద్యకారణాలే చెప్పారు. ఒకరి దగ్గర ఒకరికి బెరుకు పోయాక అసలు మాట బయటికొచ్చింది. కారణం ఏదైనా, మందు తీసింది మాత్రం తమ ఓపిక అడుగంటిన క్షణంలోనే. 1957లో అచ్చయిన ఆయన వ్యాసం పేరు ‘ది ఎయిల్‌మెంట్’, అంటే రుగ్మత. ఎవరిదో పేరులో చెప్పకపోవడం నాకు భలే నచ్చింది.

ఆసుపత్రిలో అయితే ఓపిక అయిపోయిన నర్సుకు పక్కన ఇంకో నర్సు ఉంటుంది. ఇప్పుడు ఇంగ్లండులో తీవ్రమైన మానసిక సమస్యలున్న చాలామంది ఇళ్ల దగ్గరే ఉంటారు. కమ్యూనిటీ టీమ్ తరఫున ఒక నర్సో సోషల్ వర్కరో ‘కేర్ కోఆర్డినేటర్’గా వాళ్ల ఇంటికి వెళ్తారు. ఆ గుమ్మంలో నిలబడేది మాత్రం ఒక్కరే.

ఒకామెను ఊహించుకుందాం. చిన్నప్పుడు ఏడిస్తే తప్ప ఆమెను పట్టించుకున్నవాళ్లు లేరు. నర్సు జాలిపడి, డ్యూటీ అయ్యాక కూడా ఫోన్ ఎత్తుతుంది. రెండు నెలలకు అలసిపోతుంది. ఫోన్ ఎత్తడం తగ్గుతుంది, మాటలు పొడిపొడిగా మారతాయి. ‘ఈమె కూడా వదిలేసింది’ అనుకుని రోగి తనకు తానే హాని చేసుకుంటుంది. నర్సు హడలిపోయి మళ్లీ పరుగెత్తుతుంది. టీమ్‌లో సగం మంది ‘పాపం’ అంటారు, సగం మంది ‘నాటకం’ అంటారు.

కాగ్నిటివ్ అనలిటిక్ థెరపీ అనే మానసిక చికిత్సను రూపొందించిన ఆంథొనీ రైల్ దీన్ని జంట పాత్రలుగా చూశారు. నిర్లక్ష్యానికి గురైన బిడ్డ ఆ బాధ ఒక్కటే నేర్చుకోదు. నిర్లక్ష్యం చేసేవాళ్లు ఎలా ఉంటారో కూడా నేర్చుకుంటుంది. పెద్దయ్యాక తాను ఒక పాత్రలోకి వెళ్తే, ఎదుటివారు తెలియకుండానే రెండోదాంట్లోకి జారతారు. ఒకే రోట్లో ఇద్దరు దంచుతుంటే ఒకరి రోకలి లేచినప్పుడు రెండోవారిది దిగుతుంది కదా, అలా. ఇందులో ఎవరి మనసూ చెడ్డది కాదు.

ఈ చూపుతోనే ఇంగ్లండులో అయిదు సమావేశాల కన్సల్టేషన్ పద్ధతి ఒకటి వచ్చింది. సైకాలజిస్టు రోగిని తన చేతుల్లోకి తీసుకోరు. రోగి, కేర్ కోఆర్డినేటర్, సైకాలజిస్టు ముగ్గురూ కూర్చుని ఆ జంట పాత్రలు తిరిగే వలయాన్ని కాగితం మీద గీస్తారు. రోగి గతంతో పాటు నర్సు అలసట, విసుగు కూడా బొమ్మలోకి ఎక్కుతాయి. రోగి ఎదుట నా విసుగు నేనే ఒప్పుకోవాలంటే మామూలు గుండె చాలదు. నన్నడిగితే చికిత్స ఫైలులో ఉండాల్సిన మొదటి కాగితం ఇదే. తర్వాత ఆ బొమ్మను మిగతా టీమ్ ముందూ పెడతారు, ‘పాపం’, ‘నాటకం’ అన్న రెండు వర్గాలూ ఒకే కాగితాన్ని చూసేలా.

ఇది జబ్బు నయం చేసే మంత్రం కాదు. దీనిపై జరిగిన పరిశోధనలూ చిన్నవే. బొమ్మలో వలయం తెగే చోటు వెతకడమే ఇందులో అసలు పని. మనం ఊహించుకున్న ఆమె విషయంలో అది ఇంత చిన్నది కావచ్చు: గొడవ జరిగినా, వారమంతా ప్రశాంతంగా గడిచినా, ప్రతి బుధవారం ఉదయం పది గంటలకు నర్సు ఫోన్ చేస్తుంది, ఇరవై నిమిషాలు మాట్లాడుతుంది.